వానాకాలపు కొలత

ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో ఎండాకాలపు ఎర్రధూళిని ఇంట్లోకి రాకుండా ఆపిన మనిషి లేడు. అది అన్నం మీద పడుతుంది. ఆరేసిన బట్టల మీద పడుతుంది. చర్చిలో పాటల పుస్తకం తెరిస్తే పేజీల మధ్య దొరుకుతుంది. భూషణం ఒక్క గదిలోంచి దాన్ని బయటికి నెట్టాడు. అందుకు అతనికి ఏప్రిల్ నెలంతా పట్టింది.

ఆ గది డ్రాయింగ్ ఆఫీసులో చివరిది. పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. ఖనిజం నింపే వైపున్న కిటికీని ఇటుకలతో మూయించాడు. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ అతికించాడు. గాలి లోపలికి పీల్చే చోటికి అతని భార్య ప్రమీలారాణి పాత నేతచీరను నాలుగు మడతలు వేసి కుట్టిచ్చింది. వారానికోసారి విప్పి ఉతికితే బకెట్లో నీళ్లు ఇటుకరంగు తిరిగేవి.

ఆ గదిలోకి సర్వర్ రావాలి.

ఆఫీసు విశాఖపట్నం కంపెనీది. గనికి కావలసిన ఇనుప కట్టడాలు గీసి ఇవ్వడం వాళ్ల పని. ఖనిజాన్ని మోసే బెల్టుల వంతెనలు, జల్లెడ షెడ్లు, వాటి మెట్లు, వాటి పైకప్పులు. ఇన్నేళ్లూ ఎవరి కాగితం వారిది. స్తంభాలవాడు స్తంభాలు గీసేవాడు, పైపులవాడు పైపులు గీసేవాడు. తీరా కొండ మీద బిగించబోతే పైపుకి స్తంభం అడ్డం వచ్చేది. అప్పుడు గ్యాసు పెట్టి కోసేవారు. 2018లో కొత్త షెడ్డు పని వచ్చినప్పుడు గనివాళ్లు ఇక అలా కుదరదన్నారు. బిమ్ పద్ధతి కావాలన్నారు. అంటే కట్టడమంతా ముందు కంప్యూటర్లో నిలబడాలి, చివరి బోల్టుతో సహా. ఎనిమిది మంది ఎనిమిది యంత్రాల ముందు కూర్చుని ఒకే నమూనా మీద పనిచేయాలి. నమూనా సర్వర్లో ఉంటుంది. ఒకడు స్తంభం జరిపితే మిగతా ఏడుగురి తెరల మీదా అది జరగాలి.

ఆఫీసులో పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ రత్నం దీన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"ఇన్నాళ్లూ ఎవరి పొయ్యి వాళ్లది. ఇకనించి ఎనిమిదిమంది కోడళ్లు, ఒకటే పొయ్యి."

"మరి అత్తగారెవరు?" అన్నాడొకడు.

"ఇంకెవరు, భూషణం. పొయ్యి ఆరితే తిట్లన్నీ ఆయనకే."

మే ఇరవై ఎనిమిదిన గని అధికారులు వచ్చి చూస్తారు. ఎనిమిది యంత్రాల్లో నమూనా ఒకేసారి తెరుచుకుని, రోజంతా చెదరకుండా ఉంటే పని కిరండూల్‌లోనే జరుగుతుంది. లేకపోతే రాయపూర్‌కి పోతుంది. పని వెనకాలే మనుషులూ పోవాలి. ఈ ఏర్పాటంతటికీ బాధ్యుడని కాగితం మీద భూషణం పేరు అచ్చయింది. ముప్ఫై రెండేళ్ల నౌకరీలో అతను తన పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు.

అతని తండ్రి బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి పట్టాలతో పాటు వచ్చినవాడు. గాంగ్‌మన్. లైను ఎక్కడిదాకా వేస్తే అక్కడిదాకా వచ్చాడు. కిరండూల్‌లో లైను ఆగింది, ఆయనా ఆగాడు. అప్పటికి భూషణానికి నాలుగేళ్లు. ఇంట్లోనూ చర్చిలోనూ తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ. జగదల్‌పూర్‌లో ఐటీఐ చేసి ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఇరవై రెండో యేట ఈ ఆఫీసులో అమ్మోనియా ప్రింట్లు తీసే పనికి చేరాడు. డ్రాయింగుని మందు పూసిన కాగితం మీద పరిచి, వెలుగు చూపించి, అమ్మోనియా ఆవిరి పట్టిస్తే గీతలు ఊదారంగులో తేలేవి. ఆ ఘాటుకి అతని కళ్లు ఎప్పుడూ తడిగా ఉండేవి. చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు అది చూసి, ప్రార్థనలో కన్నీళ్లు పెట్టే యువకుడు ఈ సంఘంలో ఒక్కడైనా ఉన్నాడని అందరి ముందూ మెచ్చుకున్నాడు. భూషణం దిద్దలేదు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. చెడిపోతే విశాఖ నుంచి మనిషి రావాలి. రైలు ఒక్కోసారి వచ్చేది, ఒక్కోసారి దంతెవాడ దగ్గరే ఆగిపోయేది. అందుకని భూషణమే మూత విప్పి చూడటం మొదలుపెట్టాడు. పుస్తకం చదివి నేర్చుకున్నది తక్కువ. వేళ్లతో నేర్చుకున్నదే ఎక్కువ. నేర్చుకున్నది మరిచిపోయేవాడు కాదు. అదే అతని బలం. మొన్నటి మే నెలదాకా తన బలమంతా అదేనని అనుకున్నాడు.

సర్వర్ పంపేముందు దాన్ని అమ్మేవాళ్ల దగ్గర్నుంచి ఒక ఫారం వచ్చింది. ముప్ఫై ఆరు వరసలు. గది ఎంత వేడెక్కుతుంది, కరెంటు పోతే బ్యాటరీలు ఎంతసేపు ఆదుకుంటాయి, ఏ కేబులు ఎంత పొడవు. భూషణం ప్రతి వరసా కొలిచి నింపాడు. ఎలుకలు కొరికిన పాత కేబులంతా లాగేసి కొత్తది తనే పరిచాడు. ప్రతి కొననీ తనే బిగించి, పరీక్షించి, అనుమానం తగిలినవి రెండు కోసేసి మళ్లీ బిగించాడు. ఇరవై ఏడో వరస దగ్గరికి వచ్చాడు. ఎర్తింగ్ ఎన్ని ఓంలు? రెండు దాటకూడదు.

అక్కడ మాత్రం కొలవలేదు. 'ఒకటిన్నర' అని రాసి ఇరవై ఎనిమిదికి పోయాడు.

అబద్ధమాడుతున్నానని అతను అనుకోలేదు. తీగల్లో దారితప్పిన కరెంటు నేలలోకి దిగడానికి రాగి పలకకు పట్టీ కట్టి, ఉప్పూ బొగ్గూ వేసి గోతిలో పూడుస్తారు. ఆఫీసు వెనక ఆ గొయ్యి 2002లో తవ్వించింది అతనే. ఎనిమిదడుగులు తవ్వాలి. మూడడుగుల దగ్గర రాయి తగిలి గునపం ఖంగుమంది. తవ్వుతున్న సోమారు, ఆఫీసు ఎలక్ట్రీషియన్, గునపం దించి భూషణం వంక చూశాడు.

"చాల్లేరా. మనం నిలబడ్డదే ఇనుప కొండ. ఇంకా కిందికెల్లి ఏటి ఎతుకుతావు?" అన్నాడు భూషణం.

ఆ మాట అతనొక్కడిదే కాదు. కిరండూల్‌లో వైరు పట్టిన ప్రతివాడూ అనేదే. ఎర్తింగ్ సంగతి అడిగితే నోటితో జవాబు చెప్పకుండా కొండవైపు చెయ్యి చూపించేవారు. ఆ ఊరికి అదొక గొప్ప. ఆ యేడు ఆగస్టులో, మూడు వారాలుగా వాన పడుతున్న రోజుల్లో, రైల్వే సిగ్నల్ శాఖలో ఉన్న తాతబాబు మీటరు తెచ్చి కొలిచాడు. తాతబాబు, భూషణం ఒకే క్వార్టర్ల వరసలో పెరిగినవాళ్లు. మీటరు ఒకటిన్నర చూపించింది. భూషణం దాన్ని గుర్తుపెట్టుకున్నాడు. పదహారేళ్లు గుర్తుపెట్టుకున్నాడు.

మే రెండున సర్వర్ వచ్చింది. దాన్ని బిగించడానికి ఆయతి వచ్చింది. కొండగావ్ వైపు గోండు పిల్ల. రాయపూర్‌లో ఇంజనీరింగ్ చదివి సర్వర్లు అమ్మే సంస్థలో చేరింది. ఐదు నెలలు దాటాయి. ఆరు నిండితే ఉద్యోగం ఖాయం చేస్తారు. ఆమెకు తెలుగు రాదు. భూషణంతో హిందీ, సోమారుతో హల్బీ మాట్లాడేది. ఫారం చేతిలోకి తీసుకుని వరస వరసకీ వేలు పెట్టి చూసింది. ఇరవై ఏడు దగ్గర వేలు ఆగింది.

"ఇది మీరే కొలిచారా, అంకుల్?"

"మేమే."

"రాయపూర్‌లో కూడా ఇంత మంచి ఎర్తింగ్ నేను చూడలేదు."

భూషణం కొండవైపు చెయ్యి చూపించాడు. ఆమె నవ్వి టిక్కు పెట్టింది.

వారం పది రోజులు అంతా సవ్యంగానే నడిచింది. పద్నాలుగో తారీకు సోమవారం, మధ్యాహ్నం రెండింటికి, రత్నం ఒక స్తంభాన్ని రెండడుగులు తూర్పుకి జరిపాడు. ఇద్దరి తెరల మీద అది జరిగింది. ఐదుగురి తెరల మీద పాతచోటే ఉంది. మర్నాడు మూడు యంత్రాలు వాటంతటవే ఆగి వాటంతటవే మొదలయ్యాయి. బుధవారం సర్వర్లో ఒక డిస్కు పోయింది. పొద్దున అంతా బాగుండేది. గనిలో పెద్ద యంత్రాలు ఊపందుకుని, ఎండ ముదిరేసరికి నమూనా చెదిరిపోయేది. ఆయతి అన్నీ తుడిచి మళ్లీ ఎక్కించింది. కేబుళ్లు మార్చి చూసింది. మధ్యాహ్నం భోజనం మానేసింది.

"ఏం బేటీ, మీ సర్వర్‌కి కూడా తిన్నాక కునుకు కావాలా?" అని రత్నం హిందీలో అడిగాడు. ఆమె తల ఎత్తలేదు.

శుక్రవారం భూషణం కొత్త డిస్కు పెట్టడానికి ఆ గదిలోకి వెళ్లాడు. సర్వర్ ఉన్న ఇనుప బీరువాని వేళ్ల వెనకవైపుతో తాకాడు. పాత ఎలక్ట్రీషియన్లు దేన్నీ ముందు అరచేత్తో ముట్టుకోరు. చేతి మీద చీమలు పాకినట్టయింది. చెయ్యి తీసి, మళ్లీ పెట్టాడు. మళ్లీ పాకాయి.

సోమారుని పిలిచి రెండువందల వాట్ల బల్బు తెమ్మన్నాడు. ఒక తీగ కరెంటుకి, ఒక తీగ ఎర్తుకి. ఎర్తింగ్ బాగుంటే బల్బు కళ్లు చెదిరేలా వెలగాలి. అది పండుటాకు రంగులో వెలిగింది. ఇద్దరూ సూటిగా దానివంకే చూడగలిగారు.

"దాదా, నేల తాగట్లేదు" అన్నాడు సోమారు.

"నీకు ముందే తెలుసేటి?"

"ఎండల్లో ఆ తలుపు పిడి నేను చెప్పు తొడిగి ముట్టుకుంటా. చేతికి చెప్పు."

"మరి సెప్పలేదేం?"

"నువ్వు ఇనుప కొండ అన్నావు కదా. చదివినోడివి."

భూషణం బల్బు విప్పాడు. వేడిగా కూడా లేదు. చొక్కా జేబులో పెట్టుకుని, అక్కడ పట్టక మళ్లీ తీసి సోమారు చేతికిచ్చాడు.

శనివారం పొద్దున మేనేజరు రామ్మూర్తి కబురంపాడు. ఆయన విశాఖ మనిషి. మూడేళ్ల కిందట వచ్చాడు, ఇంకా సామాను పూర్తిగా విప్పుకోలేదు. కంప్యూటర్లో సర్వర్ కంపెనీకి ఒక ఉత్తరం తయారుగా ఉంది. లోపం సర్వర్లో ఉంది, బిగించినవారి అజాగ్రత్త కూడా తోడైంది, వెంటనే కొత్తది పంపాలి, మా వైపు ఏర్పాట్లన్నీ ప్రమాణం ప్రకారం ఉన్నాయి. కింద భూషణం నింపిన ఫారం జతచేసి ఉంది.

"ఏవండీ భూషణం గారూ, మన సైడ్ అంతా కరెక్టే కదా?"

ఫారం తెర మీద పెద్దదిగా కనిపిస్తోంది. ఇరవై ఏడో వరసలో తన చేతిరాత గుండ్రంగా, పొందికగా ఉంది.

"కరెక్టేనండి."

రామ్మూర్తి మీట నొక్కాడు. ఉత్తరం వెళ్లిపోయింది.

బయటికి వస్తూ భూషణం మనసులో దారి వేసుకున్నాడు. సోమారుతో కలిసి రెండు రోజుల్లో కొత్త గొయ్యి తవ్వొచ్చు. అప్పటికి కొత్త సర్వర్ వస్తుంది. అన్నీ కుదురుకుంటాయి. పాతదానిలోనే ఏదో ఉందనుకుంటారు. ఆఫీసు నిలుస్తుంది, పేరు నిలుస్తుంది. నష్టపోయేవాడు ఎవడూ లేడు.

నడవ చివర ఆయతి నిలబడి ఫోనులో మాట్లాడుతోంది. సర్, సర్ అంటోంది తప్ప ఇంకేమీ అనడం లేదు. ఫోను పెట్టేసి భూషణాన్ని చూసింది.

"సోమవారం సాయంత్రం లోపల సంజాయిషీ రాసివ్వాలట, అంకుల్. తర్వాత ఆలోచిస్తామన్నారు."

భూషణం తాళంచెవుల గుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"మీరు రోజూ నా పక్కనే ఉన్నారు. నేనెక్కడ తప్పు చేశానో మీకేమైనా కనబడిందా? చెప్పండి, అదే రాస్తాను. ఊరికే తెలీదంటే ఒప్పుకోరు."

"సూస్తానమ్మా" అన్నాడు తెలుగులో. ఆమెకు అర్థం కాలేదు. తల ఊపింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ప్రమీలారాణి కంచం ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఆమె మిషన్ బడిలో మూడో తరగతి టీచరు.

"ఏటయింది మీకు? పాటలో రెండో చరణం వదిలీసి మూడోది అందుకున్నారు. సంఘమంతా ఒకెత్తు, మీరొకెత్తు. నా పక్కన ఎర్రమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుంది నవ్వాపుకోలేక."

అతను అన్నం కలుపుతూ చెప్పాడు. గొయ్యి, రాయి, ఒకటిన్నర, బల్బు, ఉత్తరం, ఆ పిల్ల అడిగిన మాట. ఆమె మధ్యలో అడ్డురాలేదు. కలిపిన అన్నం కలిపినట్టే ఉంది.

"మా క్లాసు పిల్లలు పక్కోడి పలక సూసి రాస్తారు. మీరు మీ పాత పలకే సూసి రాసుకున్నారు" అంది.

"అబద్ధం కాదే అది. కొలిచిందే."

"శుక్రవారం దాకా కాదు."



"సెప్తే పేరు పోద్ది" అన్నాడు.

"ఎవరి పేరు? ఇప్పుడైనా ఒక పేరు పోతంది కదేటి. అది మీది కాదని తినగలుగుతున్నారా?"

అతను కంచం వంక చూసుకున్నాడు. తినడం లేదు.

సోమవారం ఏడు గంటలకే తాతబాబు సైకిలు మీద మీటరు కట్టుకుని వచ్చాడు. వచ్చే యేడు రిటైరవుతాడు, నోరు మాత్రం ఇప్పట్లో రిటైరయ్యేలా లేదు. కొలవడానికి గోతికి దూరంగా రెండు ఇనుప చువ్వలు నేలలో దిగ్గొట్టాలి. మొదటి చువ్వ సుత్తి దెబ్బకి వంగింది.

"ఇదేట్రా, నేలా పెనమా? పదారేళ్ల నుంచి గోతిలో ఒక చెంబుడు నీళ్లయినా పోసేవా?"

"లేదు."

"వేసిన ఉప్పంతా వానలకే కొట్టుకుపోయుంటది. ఏ దైర్యంతో ఉన్నావురా?"

"ఇనుప కొండ కదేటని."

తాతబాబు సుత్తి కింద పెట్టాడు.

"ఒరే భూషణం, స్విచ్చి తుప్పట్టితే నువ్వేం చేస్తావు?"

"గీకుతాను."

"ఎందుకు?"

"కరెంటు పారదు."

"మరి ఈ కొండంతా ఏటనుకున్నావు? ఇనుమైతే పట్టాలు ఇక్కడే పోసుకుందుము. తుప్పురా ఇది. తుప్పు కొండ. తడిసినన్నాళ్లే దారిస్తది."

చువ్వల చుట్టూ నీళ్లు పోసి, నాననిచ్చి, మెల్లగా దింపారు. మీటరు ముల్లు కదిలి, ఆగాల్సిన చోట ఆగకుండా పోయి, నూటతొంభై దగ్గర నిలబడింది. భూషణం జేబులోంచి ఫారం తీశాడు. ఇరవై ఏడో వరసలో ఒకటిన్నరను ఒక్క గీతతో కొట్టేశాడు, కింద ఏముందో కనబడేటట్టు. పక్కన నూటతొంభై అని రాసి, తారీకు వేసి, సంతకం పెట్టాడు.

ముందు ఆయతికి చూపించాడు. ఆమె ఫారం చూసింది, అతన్ని చూసింది.

"మీటరు మళ్లీ పెట్టండి. నేను చూడాలి."

మళ్లీ పెట్టారు. ఆమె వంగి స్వయంగా చూసింది. ఫోటో తీసుకుంది.

"శనివారం మీకు తెలుసా, అంకుల్?"

"శుక్రవారమే తెలుసు."

ఆ రోజంతా ఆమె అతనితో మాట్లాడలేదు.

రామ్మూర్తి ఫారం చూసి ముందు లేచి తలుపు వేశాడు.

"కొట్టివేత ఏంటండీ? కొత్త ఫారం ప్రింట్ తీయండి, గొయ్యి తవ్వించి అప్పుడు కొలిచి రాయండి. సర్వర్ వాళ్లతో నేను మాట్లాడుకుంటాను. మీ మంచి కోసమే చెప్తున్నా, ఆ కాగితం మీద ఉంది మీ పేరు."

"పంపించీసేనండి."

"ఎవరికి?"

"విశాఖకీ, ఆళ్ల కంపెనీకీ. ఇద్దరికీనండి. లోపం మాదేనని, శుక్రవారమే తెలుసనీ రాసేను."

రామ్మూర్తి కుర్చీలో వెనక్కి వాలాడు. గోడ వైపు చూశాడు.

"ముప్ఫై రెండేళ్లు పనిచేశారు. ఇంకో నాలుగేళ్లు ఆగలేకపోయారా నిజం చెప్పడానికి?"

"గొయ్యి తవ్వించాలండి" అన్నాడు భూషణం.

చోటు సోమారు చూపించాడు. ఆఫీసు నుంచి పల్లానికి దిగితే ఒక వాగు ఉంది. మే నెలలో అందులో నీళ్లు ఉండవు. కానీ ఒడ్డున సోమారు ఊరి ఆడవాళ్లు ఇసక తోడి చిన్న గుంటలు చేసుకుంటారు. ఝిరియా అంటారు. రాత్రికి రాత్రి ఊరిన నీటిని పొద్దున దోసిలితో బిందెకెత్తుకుంటారు. భూషణం ఆ గుంటల పక్కనే గుర్తు పెట్టబోయాడు.

"ఇక్కడ కాదు దాదా. నువ్వు ఉప్పు వేస్తావు. వీళ్లు తాగేది ఇదే."

అరవై అడుగులు కిందికి, వాగు ఒంపు తిరిగే చోటికి తీసుకెళ్లాడు. అక్కడ పైన ఎండు మట్టి, అడుగు తవ్వితే నల్లమట్టి, నాలుగడుగులకి మట్టి చేతికి అంటుకుంది. ఈసారి ఎవరూ చాల్లే అనలేదు. ఎనిమిదీ దాటి తొమ్మిదడుగులు తవ్వారు. పలక దించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, నీళ్లు పోయడానికి పైన గొట్టం పెట్టారు. అక్కడి నుంచి ఆఫీసు దాకా రాగి పట్టీ పరవడానికి రెండు రోజులు పట్టింది. గురువారం సాయంత్రం కొలిచారు. చువ్వలు ఆయతే దింపింది. ఒకటి పాయింట్ ఏడు. బల్బు పెడితే సోమారు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఎనిమిది తెరల మీదా స్తంభం ఒక్కసారే జరిగింది. రత్నం దాన్ని వెనక్కి జరిపాడు, మళ్లీ ముందుకి జరిపాడు. పనేమీ లేకపోయినా సాయంత్రం దాకా జరుపుతూనే ఉన్నాడు.

శనివారం విశాఖ నుంచి జవాబు వచ్చింది. నాలుగే వాక్యాలు. ఏర్పాట్ల బాధ్యత ఇకపై విశాఖ ఆఫీసులోని ఒక ఇంజనీరుది. భూషణం ఆయనకు సహాయకుడిగా ఉంటాడు. అప్పగింతల జాబితా రాసి పంపాలి. కాగితం మీద అతని పేరు చివరి వాక్యంలో ఉంది.

ఇరవై ఎనిమిదిన గని అధికారులు నలుగురు వచ్చారు. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా కూర్చున్నారు. షెడ్డుని తిప్పి చూశారు, కోసి చూశారు, పైనుంచి కిందికి దిగారు. ఎక్కడా చెదరలేదు. అంతా అయ్యాక ఒకాయన, ఈ ఏర్పాట్లు ఎవరు చూస్తున్నారని అడిగాడు. రామ్మూర్తి విశాఖ ఇంజనీరు పేరు చెప్పాడు. చెబుతూ ఒకసారి తలుపు వైపు చూశాడు. భూషణం తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తెర మీద షెడ్డునే చూస్తున్నాడు. మెట్ల అంచున ఉన్న మరలు కూడా కనబడుతున్నాయి. స్తంభాల కింద మాత్రం బూడిదరంగు పలక ఒకటి చదునుగా పరిచి ఉంది.

అధికారులు టీలకి లేచాక రత్నాన్ని అడిగాడు. "అది ఏటండీ, కింద?"

"నేల."

"అంతేనా?"

"నేల మన పని కాదు భూషణం గారూ. నేలంటే ఏదో ఒకటి ఉండాలని పెడతాం."

మర్నాడు ఆయతి బస్సెక్కింది. ఆమె సంజాయిషీతో పాటు భూషణం ఉత్తరం, మీటరు ఫోటో కూడా వెళ్లాయి. ఉద్యోగానికి ఏమీ కాలేదు. బస్సు కదిలేలోగా సోమారుతో హల్బీలో చాలాసేపు మాట్లాడి నవ్వింది. భూషణం వైపు తిరిగేసరికి నవ్వు తగ్గింది.

"ఇకమీదట ఫారం నమ్మను, అంకుల్. మీటరు నాతోనే తెచ్చుకుంటాను."

"మంచి పని" అన్నాడు అతను హిందీలో. అన్న తర్వాత నిజంగానే మంచి పని అనుకున్నాడు.

ఆ వారం అప్పగింతల జాబితా రాశాడు. తాళంచెవులు, పాస్‌వర్డులు, కేబుళ్ల పటం, బ్యాటరీలు మార్చాల్సిన తారీకులు, గాలి వచ్చే చోట కట్టిన గుడ్డ ఎన్నాళ్లకోసారి ఉతకాలో. అన్నీ రాశాక ఇంకొక కాగితం తీసుకున్నాడు. దాని మీద మూడు వాక్యాలే రాసి, కింద పేరు పెట్టాడు.

రెండు రోజుల తర్వాత విశాఖ ఇంజనీరు ఫోను చేశాడు. గొంతు బట్టి ముప్ఫై ఏళ్లు ఉండొచ్చు. మర్యాదస్థుడు.

"జాబితా చూశానండి, చాలా వివరంగా ఉంది. ఒక్కటే అర్థం కాలేదు. చివరి పేజీలో, మార్చి నుంచి రోజుకి రెండు బిందెల నీళ్లు అని రాశారు. దేనికండీ?"

"నేలకండి."

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది.

"ఆ కింద, వానల్లో కొలిచిన లెక్క ఎండల్లో నమ్మవద్దు, నేను నమ్మాను అని ఉంది. ఇది ఫైల్లో ఉంచమంటారా, తీసేయమంటారా? అంటే... మీకు ఇబ్బందేమో అని."

"ఉంచండి."

"సరేనండి. మరి ఆ నీళ్లు ఎవరు పోస్తారు?"

భూషణం కిటికీలోంచి చూశాడు. పల్లంలో సోమారు రెండు బిందెలతో దిగుతున్నాడు. ఒకటి అప్పటికే ఒలుకుతోంది.

"మేం పోస్తామండి" అన్నాడు. "మీరు మే నెలలో ఒకసారి వచ్చి కొలిసి సూడండి. మా మాట మీద రాసుకోకండి."